సీట్ల లెక్క, నిమిషాల లెక్క

అందరికీ నమస్కారం.

టైటానిక్ పేరెత్తగానే ఎవరైనా అనే మాట ఒకటుంది: లైఫ్‌బోట్లు చాలలేదు, అందుకే అంతమంది పోయారు. అబద్ధమేమీ కాదు. ఓడలో సుమారు 2,200 మంది ఉంటే, 20 పడవల్లో కలిపి చోటు 1,178 మందికే ఉంది. కానీ బతికి బయటపడింది 700 పైచిలుకు మంది. అంటే ఉన్న చోటులోనే నాలుగు వందలకు పైగా వాడుకోలేకపోయారు. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది దాని గురించి.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. అప్పటి బ్రిటిష్ నియమం ప్రకారం 10,000 టన్నులు దాటిన ఓడ ఎంత పెద్దదైనా 16 పడవలుంటే చాలు. టైటానిక్ 46,000 టన్నుల ఓడ. ఓడలు పెరిగాయి గానీ ఆ నియమాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కంపెనీ ఇంకో నాలుగు మడత పడవలు పైనే పెట్టింది. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు!

నిపుణులు మరీ అంత నిర్లక్ష్యంగా ఉన్నారా అంటే, వాళ్ల లెక్క వేరు. లైఫ్‌బోట్ అంటే ఏటి మీద బల్లకట్టు లాంటిదని వాళ్ల ఉద్దేశం. ఓడ మెల్లగా మునుగుతుంది, వైర్‌లెస్ విని ఇంకో ఓడ వస్తుంది, పడవలు అటూ ఇటూ తిరిగి జనాన్ని చేరవేస్తాయి. 1909లో అచ్చం అలాగే జరిగింది కూడా. రిపబ్లిక్ అనే ఓడను ఫ్లోరిడా అనే ఇంకో ఓడ ఢీకొంది. రిపబ్లిక్ వెంటనే మునగలేదు. పదిహేను వందల మందికి పైగా పడవల్లో దాటి బాల్టిక్ అనే ఓడకు చేరారు. ఆ విజయమే అందరినీ నమ్మించింది.

ఇక ఖాళీ సీట్ల సంగతి. పడవను దించడం చూసినంత తేలిక కాదు. డేవిట్లనే ఇనుప చేతులకు వేలాడే 30 అడుగుల చెక్క పడవను, జనంతో సహా, చీకట్లో సుమారు 60 అడుగుల కిందికి తాళ్లతో దించాలి. ముందు తాడూ వెనక తాడూ సమానంగా వదలాలి. ఒకటి తొందరపడితే అందరూ నీళ్లలోకే. నిండా జనంతో దించితే పడవ మధ్యలో విరుగుతుందేమోనని అధికారులకు భయం. ఇలాంటి పడవలను పూర్తి బరువుతో పరీక్షించారన్న సంగతి వాళ్లకు తెలియదు. ప్రయాణికులకేమో తమ పడవ ఏదో ముందుగా ఎవరూ చెప్పలేదు. వెచ్చగా, దీపాలు వెలుగుతూ ఉన్న ఓడను వదిలి ఆ చిన్న పడవలోకి దిగడానికి మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. 40 మంది పట్టే ఒక పడవ 12 మందితో వెళ్లిపోయింది. ఓడకు ఒక పక్క ఉన్న అధికారి ఆడవాళ్లు, పిల్లలు మాత్రమే అన్నాడు. రెండో పక్క అధికారి, ఆడవాళ్లు దగ్గర్లో లేకపోతే మగవాళ్లనూ ఎక్కించాడు. ఒకే ఓడ, రెండు రూల్స్.

అప్పటికీ మంచుకొండ తగిలాక మునిగేలోపు టైటానిక్‌కు 2 గంటల 40 నిమిషాలు దొరికింది. సముద్రం ప్రశాంతంగా ఉంది, ఓడ పెద్దగా పక్కకు ఒరగలేదు. అయినా చివరి రెండు మడత పడవలను సరిగ్గా దించే టైమ్ చాలలేదు. ఇంకో ముప్పై పడవలున్నా ఎన్ని దింపగలిగేవారు? కొన్ని వందల ప్రాణాలైనా దక్కేవని నా నమ్మకం. అందరూ బతికేవారని మాత్రం అనను.

ఎందుకంటే తర్వాత రెండేళ్లకే ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ మునిగింది. 1914 మే 29, కెనడాలోని సెయింట్ లారెన్స్ నది. టైటానిక్ భయంతో అందరికీ సరిపడా పడవలు పెట్టుకున్న ఓడ. పొగమంచులో ఒక బొగ్గు ఓడ దాని పక్కను చీల్చింది. తెరిచి ఉన్న కిటికీల్లోంచి కూడా నీరు దూరింది. ఓడ ఒక పక్కకు ఒరిగిపోయేసరికి రెండో పక్క పడవలు దిగనే లేదు. 14 నిమిషాల్లో అంతా అయిపోయింది. 1,012 మంది చనిపోయారు. 138 మంది పిల్లల్లో బతికింది నలుగురే.

1915లో లూసిటేనియా అనే ఓడదీ అదే కథ. టార్పెడో తగిలాక 18 నిమిషాలు. 48 పడవలుంటే సవ్యంగా దిగినవి ఆరు. ఓడ ఒరగడంతో ఒక పక్క పడవలు డెక్కు మీది జనం మీదికే ఊగాయి.

అదే ఏడాది షికాగోలో మరీ విచిత్రం. ఈస్ట్‌లాండ్ అనే విహార నౌకకు అసలే నిలకడ తక్కువ. టైటానిక్ తర్వాత వచ్చిన కొత్త చట్టానికి తగ్గట్టు పైన లైఫ్‌బోట్లు, తెప్పలు పెంచారు. బరువు ఇంకా పైకి చేరింది. జూలై 24న రేవులో కట్టి ఉండగానే పక్కకు పడిపోయింది. 844 మంది పోయారు. ప్రాణాలు కాపాడాల్సిన పడవల బరువు కూడా అందుకు ఒక కారణమే.

1916లో టైటానిక్ చెల్లెలు బ్రిటానిక్ గ్రీసు దగ్గర మందుపాతర తగిలి 55 నిమిషాల్లో మునిగింది. వెయ్యి మందికి పైగా ఉంటే చనిపోయింది 30 మంది. పడవలు ఎక్కువ, వాటిని దించే పెద్ద డేవిట్లున్నాయి, వెచ్చని నీళ్లు, పట్టపగలు, దగ్గర్లోనే కియా ద్వీపం. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎవరంటే, కెప్టెన్ ఓడను ఒడ్డు పట్టించాలని ఇంజిన్లు నడుపుతుండగా, ఆయన చెప్పకముందే నీళ్లలోకి దించిన రెండు పడవల్లోనివాళ్లు. తిరుగుతున్న ప్రొపెల్లర్ ఆ పడవలను లాగేసుకుంది.