అప్పన్న చందనం, మా మేనల్లుడి వేషం

నమస్కారం. గోపాలపట్నంలో మా మేడ ఎక్కితే సింహాచలం కొండ కనిపిస్తుంది. ఆ కొండ మీద అప్పన్న నిజరూపంలో దర్శనమిచ్చేది ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు. మిగతా రోజులన్నీ ఒళ్లంతా చందనమే. అయినా ‘ఇవాళ చూసింది అసలు స్వామిని కాదు’ అని నిరాశపడి కొండ దిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. కంగారు పడకండి, ఇది భక్తి వీడియో కాదు. ఆన్‌లైన్ లోకాల్లో మనం వేసుకునే అవతారాల గురించి. ‘అక్కడంతా మోసమే, ఎవరి అసలు మొహమూ కనపడదు’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ చందనమే గుర్తొస్తుంది.

అవతారం అన్న మాట కంప్యూటర్లలోకి వెళ్లి చాలా కాలమే అయింది. 1986లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్లు కమొడోర్ 64 కంప్యూటర్ కోసం ‘హాబిటాట్’ అనే లోకాన్ని తయారుచేశారు. అందులో మనిషి తరఫున తిరిగే బొమ్మను ‘అవతార్’ అన్నారు. సంస్కృతంలో ఆ మాటకు అర్థం కిందికి దిగడం. దేవుడు దిగివస్తే అవతారం. మనమేమో సందు దొరికితే పైకి ఎక్కుతాం. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలోకి నేను తొలిసారి వెళ్లినప్పుడు ఎత్తు మార్చుకునే గీత ఒకటి కనిపించింది. దాని మీద చుక్కను పక్కకు జరిపితే చాలు, బొమ్మ పెరుగుతుంది. నా ఎత్తు ఐదు అడుగుల నాలుగు అంగుళాలు. నా చెయ్యి ఆరడుగులు దాటేదాకా ఆగలేదు. పొట్ట గీతను చివరిదాకా తగ్గించాను. జుట్టు సంగతి అడగకండి.

ఆ పెంచిన ఎత్తు ఊరికే ఉండదు. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం ఒకటి 2007లో అచ్చయింది. కళ్లముందు బొమ్మల లోకాన్ని చూపించే హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఎదుటివారికన్నా పది సెంటీమీటర్లు పొడుగైన బొమ్మ ఇచ్చారు, కొందరికి పది సెంటీమీటర్లు పొట్టిది. వంద డాలర్లను బేరమాడి పంచుకోమన్నారు. పొడుగు బొమ్మలో ఉన్నవాళ్లు తమ వాటా పెంచి అడిగారు. పొట్టి బొమ్మలో ఉన్నవాళ్లు ఎదుటివారికి 75, తమకు 25 అనే అన్యాయపు పంపకానికి కూడా మిగతావాళ్లకన్నా సుమారు రెండింతలు తలూపారు. గ్రీకు పురాణాల్లో రూపాలు మార్చే ఒక దేవుడి పేరు మీద దీన్ని ‘ప్రోటియస్ ఎఫెక్ట్’ అన్నారు. నాకు మాత్రం బలి చక్రవర్తి గుర్తొచ్చాడు. మన కథలో బేరానికి వచ్చినవాడు మరుగుజ్జు, అడిగింది మూడడుగులు, పట్టుకుపోయింది మొత్తం. వామనుణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి ఉంటే లెక్కలన్నీ తారుమారయ్యేవి!

వేషం వేసినవాణ్ణి మారుస్తుందని నమ్మడానికి నాకు అంత దూరం కూడా అక్కర్లేదు. మా మేనల్లుడు చాలు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న ఆదివారం మా ఇంట్లో కూర్చుని ఆట ఆడుతున్నాడు. తెర మీద ఎర్రజుట్టు అమ్మాయి ఒకతె, భుజాన విల్లుతో గోడలు దూకుతోంది. పక్కనే మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఎవరా పిల్ల?”

“నేనే అమ్మమ్మా.”

ఇక రామాయణమే అనుకున్నాను. మా అమ్మ చేతిలో కాయ కింద పెట్టలేదు. “స్థానం వారిలాగా అన్నమాట” అంది. స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద సత్యభామ, చిత్రాంగి, రోషనార వేసి పేరు తెచ్చుకున్న మగవాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మా తాతయ్య ఆయన సత్యభామను చూసి వచ్చి వారం రోజులు ఆ నడక గురించే చెప్పాడట.

అమ్మాయి బొమ్మే ఎందుకురా అని అడిగితే, “గంటలకొద్దీ వెనకనుంచి చూస్తూ ఆడాలి కదా మామయ్యా, చూడటానికి బాగుండాలి” అన్నాడు. సరే, పదిహేడేళ్లవాడి జవాబు. కాసేపాగి ఇంకోటి చెప్పాడు. ఒక రాత్రి ఎవడో ఆ బొమ్మ వెంటపడి వెకిలి మాటలు రాస్తూనే ఉన్నాడట. మగవాణ్ణి అని చెప్పినా వదల్లేదట. మర్నాడు పొద్దున వీడు వాళ్ల చెల్లెల్ని, “బస్సులో నీకు రోజూ ఇలాగే ఉంటుందా?” అని అడిగాడు. ఆ పిల్ల జడ వేసుకుంటూ, “ఇప్పుడు తెలిసిందా?” అందట. ఆ రోజు నుంచి బస్‌స్టాపు దాకా తోడు వెళుతున్నాడు. అసలు మొహంతో తిరిగిన పదిహేడేళ్లలో వాడికి ఆ ప్రశ్న తట్టలేదు మరి.

అయితే కోరిన వేషం అన్నిచోట్లా దొరకదు. ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా 2021లో తెరిచిన హొరైజన్ వరల్డ్స్ అనే లోకంలో మొదట బొమ్మలకు నడుము కింద ఏమీ ఉండేది కాదు. హెడ్‌సెట్‌కు తల, చేతులు ఎక్కడున్నాయో తెలుస్తుంది, కాళ్ల జాడ తెలియదు. కాళ్లు 2023లో గానీ రాలేదు. మన దయ్యాలకు కనీసం వెనక్కి తిరిగిన పాదాలైనా ఉంటాయి.

ఆ ఆదివారమే సాయంత్రం వాడు అమ్మమ్మకు కూడా ఒక బొమ్మ తయారుచేస్తానని కూర్చున్నాడు. “ఎత్తు ఎంత పెట్టమంటావు?” అన్నాడు. “ఉన్నంతే పెట్టు. మోకాళ్లు మాత్రం కొత్తవి వెయ్యి” అంది మా అమ్మ. తెల్లజుట్టు దొరికింది. చీర లేదు, పొడుగు గౌను ఒకటి తొడిగాడు. మా అమ్మ కళ్లద్దాలు సవరించుకుని తెర దగ్గరికి వంగి చూసింది.

“ముక్కుపుడక ఏదిరా? అది లేకుండా నేనెలా అవుతాను?”

చెవులకు, కనుబొమలకు, పెదవికి పెట్టే రింగులన్నీ ఉన్నాయి. ముక్కుపుడక కోసం మేనల్లుడు ఇంకా వెతుకుతున్నాడు.