నఖరాలా, నలతా? గిన్నె ముట్టని కుక్క సంగతి

(దృశ్యం: వంటగది గుమ్మం పక్కన స్టీలు గిన్నె. తెల్ల కుక్క వచ్చి వాసన చూస్తుంది. ముక్కుతో గిన్నెను ఒక అంగుళం అవతలికి నెట్టి, వెళ్లి సోఫా కింద పడుకుంటుంది.)

నమస్తే అండి. ఇప్పుడు మీరు చూసింది మా బన్నీని. హైదరాబాద్ మల్కాజిగిరిలో మా ఇల్లు. వీడికి ఆరేళ్లు, బరువు 8 కిలోలు. అందరూ పామరేనియన్ అంటారు. మన ఊళ్లో ఆ పేరుతో పెరిగే తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. మా వాడూ అంతే.

పొద్దున పెట్టింది సాయంత్రానికి అలాగే ఉంటుంది. మనకేమో ముద్ద దిగదు. "ఏం రా, ఎందుకు తింటలేవ్" అని పక్కన కూర్చుని బతిమాలతాం. నెయ్యి వేస్తాం, పెరుగు కలుపుతాం, చివరికి చేత్తో తినిపిస్తాం. ఈ బాధ నాకు బాగా తెలుసు. అందుకే ఈ వీడియో. అయితే గిన్నె గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు కుక్క ఒంటిని చూద్దాం. ఎందుకు ముందు ఇదో చెప్తాను.

పోయిన వానాకాలంలో బన్నీ రెండు పూటలు తినలేదు. వీడికి నఖరాలు అలవాటేగా అనుకున్నాం. మా అత్తమ్మ అన్నంలో నెయ్యి కలిపి పెట్టింది, వాసన కూడా చూడలేదు. నేను చికెన్ ఉడికించాను. చికెన్ అంటే ప్రాణం పెట్టే వాడు, ముక్క ముందు పెడితే మొహం తిప్పుకున్నాడు. అక్కడ నాకు అర్థం కావాల్సింది. కాలేదు. మూడో రోజు పొద్దున పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. రక్తపరీక్షలో టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, అని తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. నాలుగు వారాలు మందులు వాడాక మామూలు మనిషయ్యాడు. అవును, మా ఇంట్లో వాడూ ఒక మనిషే. ఆ రెండు రోజులూ నేను వాణ్ని మొండివాడని తిట్టాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

(దృశ్యం: దగ్గరి నుంచి. బొటనవేలు కుక్క పై పెదవిని ఎత్తుతుంది. గులాబీ రంగు చిగురు. వేలు నొక్కి వదలగానే తెల్లబడి, మళ్లీ రంగు వస్తుంది.)

ఇదిగో, ఇలా చూడాలి. చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప కొంచెం లాగి లోపలి రంగు చూడండి. తెల్లగా పాలిపోయినా, పసుపు తిరిగినా ఇక ఇంట్లో ఆగొద్దు.

తర్వాత జ్వరం. ముక్కు పొడిగా ఉందా, తడిగా ఉందా అన్నది లెక్క కాదు. డిజిటల్ థర్మామీటర్ ఒకటి వాడికోసమే పెట్టుకోండి. కొనకు కొంచెం వాసెలిన్ రాసి, మలద్వారంలో మెల్లగా పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు కుక్కకు మామూలే. మనకైతే అది జ్వరం. 103 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. చేతికందింది కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం వేయొద్దు. మనుషుల జ్వరం మాత్రలు కుక్కలకు విషమవుతాయి.

ఇప్పుడు పిడుదులు. కొందరు గోమార్లంటారు, పెట్ షాపులో టిక్స్ అంటారు. చెవి మడతల్లో, కాలి వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వేలు పెట్టి తడమండి. గోధుమ రంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లీకియా, బబీసియా లాంటి సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కుతాయి. మన వాతావరణంలో ఈ పిడుదు ఏడాది పొడవునా బతుకుతుంది. గోడ పగుళ్లలో, కుక్క పడుకునే గోనె పట్టాలో కూడా దాక్కుంటుంది. ఒంటి మీద ఒక్కటీ కనపడలేదని టిక్ ఫీవర్ లేదనుకోవద్దు. మా వాడి ఒంటి మీదా కనపడలేదు.

గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, నోట్లో పెట్టుకున్న ముక్కను కింద వదిలేస్తోందా? ఒక పక్కతోనే నములుతోందా? నోరు వాసనొస్తోందా? అయితే ఆకలి ఉంది, పన్నో చిగురో నొప్పి పెడుతోంది. వయసు మళ్లిన కుక్కల్లో దీన్నే జనం తరచూ నఖరాలనుకుంటారు.

(తెర మీద పెద్ద అక్షరాలు: ఎంతసేపు ఆగొచ్చు?)

హుషారుగా ఉండి, నీళ్లు తాగుతూ, వాకింగ్‌కి మామూలుగా వస్తున్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే కంగారు అక్కర్లేదు. 24 గంటలు దాటితే డాక్టరుకు చూపించాలి. కుక్కపిల్లలకు అంత గడువు ఇవ్వకూడదు, అర పూట ఆలస్యమే ఎక్కువ. కుక్కపిల్ల తినకుండా వాంతులు, నెత్తుటి విరేచనాలు అవుతుంటే అది పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు కావచ్చు, గంటలు లెక్కపెట్టొద్దు. పొట్ట డోలులా ఉబ్బి, వాంతి వస్తున్నట్టే ఉండి ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. దగ్గర్లో ఎవరూ తెలియకపోతే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశు వైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ఆ రెండు అడ్రసులు ఇవాళే ఫోన్లో పెట్టుకోండి.

ఇవన్నీ చూశారు, ఒంట్లో ఏ లోపమూ లేదు. అయినా గిన్నె ముట్టడు. అప్పుడు దాన్ని నఖరాలనొచ్చు. కానీ అవి వాడికి నేర్పిందెవరు?

(దృశ్యం: ఫ్రిజ్ తలుపు మీద అంటించిన తెల్ల కాగితం. రకరకాల చేతిరాతలు.)

మా ఇంట్లో ఒక ఆదివారం ఈ కాగితం అంటించాను. ఎవరు ఏం పెట్టినా రాయాలి, దాచకూడదు. రాత్రికి చదివితే ఇలా ఉంది. పొద్దున చాయ్‌తో మామయ్య నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు. బడికి పోయే ముందు మా అబ్బాయి చపాతీ ముక్క. పనిమనిషి లక్ష్మమ్మ ప్రేమకొద్దీ పాలు. మధ్యాహ్నం అత్తమ్మ పెరుగన్నం రెండు ముద్దలు. సాయంత్రం చాయ్‌తో మళ్లీ నాలుగు బిస్కెట్లు.

లెక్క వేద్దాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 8 కిలోల కుక్కకు రోజుకు సుమారు 530 కేలరీలు చాలు. గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోటి దాదాపు 25 కేలరీలు. ఎనిమిది బిస్కెట్లకే 200 పోయాయి. మిగతావి కలిపితే సగం దాటిపోయింది. ఇక వాడికి ఆకలెక్కడిది? రాత్రి గిన్నెను ముక్కుతో నెట్టడం మొండితనం కాదండి, కడుపు నిండింది. చిరుతిళ్లన్నీ కలిపి రోజు లెక్కలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్తారు. మా వాడికి అది 53 కేలరీలు, అంటే రెండు బిస్కెట్లు.

ఇంకోటి. గిన్నె నెట్టిన ప్రతిసారీ నెయ్యి వచ్చింది, నెయ్యి కాదంటే చికెన్ వచ్చింది. నెట్టితే మంచిది వస్తుందని వాడు నేర్చుకున్నాడు. తెలివైన జీవం, నేర్చుకోదా? మనమే ఓపికగా పాఠం చెప్పాం.

మార్చేది ఇలాగ. రోజుకు రెండు పూటలు, ఒకే వేళకు, ఒకే చోట. కొలిచి పెట్టండి. పెట్టి అక్కడి నుంచి లేచిపోండి. తిను నాన్నా అని బతిమాలొద్దు, చేత్తో పెట్టొద్దు, తల మీద నిలబడొద్దు. ఇరవై నిమిషాలకు ఏమీ అనకుండా గిన్నె తీసేయండి. మళ్లీ పూట దాకా నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు మాత్రమే. కుక్కపిల్లలకు, ముసలి కుక్కలకు, షుగర్ ఉన్నవాటికి, మందుల మీద ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు.

దాన్ని ఆకలితో మాడ్చడమే మార్గం అనుకోకండి. కుక్క ముక్కుతో తింటుంది. మన నాలుక మీద సుమారు 9,000 రుచి మొగ్గలుంటే దానికి 1,700. రుచి తక్కువ, వాసన ఎక్కువ. కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి తిండి దానికి చప్పిడి. రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి కలపండి, వాసన లేస్తుంది. ఉప్పు లేని చికెన్ ఉడికించిన నీళ్లయినా సరే. అందులో ఉల్లి, వెల్లుల్లి వద్దు. అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనింటి కూరల్లో, బిర్యానీలో అవి లేనిదెక్కడ? ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు.

డాగ్ ఫుడ్ విడిగా కిలోల లెక్కన కొంటున్నారా? సంచి ఎప్పుడు విప్పారో మనకు తెలీదు. ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూడండి. పాత నూనె డబ్బా వాసన వస్తే కుక్కది తప్పు కాదు. రకం మార్చాలంటే వారం తీసుకోండి: పాతదాంట్లో కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

(దృశ్యం: యుటిలిటీ బాల్కనీ. తిరుగుతున్న వాషింగ్ మెషిన్, పక్కనే గిన్నె.)

గిన్నె ఉన్న చోటు కూడా చూడండి. ఇలాంటి చప్పుడు పక్కన మనమైనా తింటామా? మెడపట్టీ బిళ్ల స్టీలుకు తగిలి టింగ్ మంటే బెదిరే కుక్కలూ ఉన్నాయి. మందపాటి పింగాణీ పళ్లెంలో పెట్టి చూడండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 దాటితే వాటికీ తిండి సయించదు. పొద్దున ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. దీపావళి టపాసులప్పుడు, వీధిలో ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు మగకుక్కలు, ఇంట్లో పిల్లలు అమెరికా వెళ్లిపోయిన వారంలోనూ ముద్ద ముట్టకపోవచ్చు. అది దిగులు. అప్పుడు గడియారం పక్కన పెట్టి దగ్గర కూర్చోండి.

మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైంది మామయ్య బిస్కెట్. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకోగానే బన్నీ వెళ్లి మోకాలి మీద గడ్డం ఆనిస్తాడు. వద్దని నేనెలా చెప్పను? బన్నీ పూట కొలతలోంచే ఇరవై డాగ్ ఫుడ్ గింజలు తీసి ఒక చిన్న డబ్బాలో పోసి ఆయన కుర్చీ పక్కన పెట్టాను. "మామయ్యా, ఇవి మీ చేత్తో పెట్టండి" అన్నాను.

మొదటి రోజు రాత్రి గిన్నె అలాగే వెనక్కి వచ్చింది. అత్తమ్మ నాతో మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున సగం తిన్నాడు. ఆ రాత్రి ఎనిమిదీ పదికి నేను హాల్లో ఉన్నాను, వంటగది వైపు నుంచి చప్పుడు వినపడింది.

(దృశ్యం: ఖాళీ గిన్నె. నాకుతున్నప్పుడు అది గచ్చు మీద జరుగుతూ గోడ దాకా వెళ్తుంది.)