చిల్లుకీ చిల్లుకీ మధ్య

అందరికీ నమస్కారం.

మా మెకానికల్ విభాగం ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టుకు అంశం చెప్పమంటే, బరువులెత్తేవాళ్లు కట్టుకునే బెల్టు చేయమన్నాను. మొహమొహాలు చూసుకున్నారు. పక్క బృందం డ్రోను చేస్తోంది మరి. నడుముకు చుట్టుకునే తోలు పట్టీలో మెకానిక్స్ ఎక్కడుందని వాళ్ల సందేహం. ఈ బల్ల మీద ఉన్న మూడు నమూనాలూ వాళ్లు చేసినవే. మొదటి రెండూ చెడిపోయాయి. ఈ రోజు ఎక్కువగా వాటి గురించే మాట్లాడతాను.

ముందు ఒక అపోహ తీరాలి. బెల్టు వెన్నెముకను వెనక నుంచి మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోయదు. స్క్వాట్‌కో (బరువు భుజాల మీద పెట్టుకొని కూర్చుని లేవడం) డెడ్‌లిఫ్ట్‌కో (నేల మీది బరువును ఎత్తి నిలబడడం) దిగే ముందు గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, పొట్ట కండరాలను బిగిస్తాం. ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, డయాఫ్రం, కిందికి నొక్కుతుంది, పొట్ట లోపలి పీడనం పెరుగుతుంది, మొండెం గాలి నిండిన ట్యూబులా గట్టిపడుతుంది. పొట్ట ముందుకు తోసుకొచ్చినప్పుడు దానికి ఎదురు నిలిచే గోడే బెల్టు. గోడ గట్టిగా ఉంటే లోపలి పీడనం ఇంకాస్త పెరుగుతుంది. ఊపిరి బిగబట్టడం తెలియనివాడికి ఎంత ఖరీదైన బెల్టయినా అలంకారమే. రక్తపోటు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పని చేయవద్దు. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి పూరించి దాన్ని తెంపేవారని మా తాతగారు కథలుగా చెప్పేవారు. ఆయనకు గొలుసు తెగితే చప్పట్లు. మనకు తెగితే ఆసుపత్రి.

బస్తాలు మోసే హమాలీలకు ఇలాంటి బెల్టులు పంచితే మేలు కదా అని మా విద్యార్థిని ఒకరు అడిగారు. మంచి ఆలోచనే. కానీ అమెరికాలో పని స్థలాల భద్రతను పరిశోధించే నయోష్ సంస్థ 1994లోనే దీన్ని పరిశీలించింది. ఆరోగ్యంగా ఉన్న కార్మికులకు ఈ బెల్టులు నడుము గాయాలను ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. అందుకే మేం పోటీ బరువులెత్తేవారికే పరిమితమయ్యాం.

ఇక లెక్క. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు అనుకోండి, వ్యాసార్ధం 14.3 వస్తుంది. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు. పొట్ట బెల్టును 20 కిలోపాస్కళ్ల పీడనంతో నెడుతోందనుకుందాం. పీడనాన్ని వ్యాసార్ధంతోనూ వెడల్పుతోనూ గుణిస్తే పట్టీలోని లాగుడు సుమారు 286 న్యూటన్లు, అంటే 29 కిలోల బరువు వేలాడినట్టు. నడుము గుండ్రటి గొట్టం కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా మా పిల్లలు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే వాళ్లు టన్నుల్లో ఊహించుకున్నారు. మంచి తోలుకు ఈ బలం ఒక లెక్కలోది కాదు.

మరి కష్టం ఎక్కడ? బిగింపు దగ్గర. మామూలు బెల్టులో చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం 25 మిల్లీమీటర్లు. ఒక చిల్లు మారితే వ్యాసార్ధంలో 4 మిల్లీమీటర్ల తేడా. కాగితం మీద అది చిన్న అంకె. ఊపిరి బిగబట్టి ఉన్నవాడికి మాత్రం, ఒక చిల్లులో పెడితే గాలి ఆడదు, పక్కదానిలో పెడితే గోడే ఉండదు. పైగా పొద్దున పరగడుపున ఉన్న నడుము మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక ఉండదు. మీటను ఒక్క తోపు తోస్తే మూసుకునే లివర్ బకిల్ బాగానే పట్టుకుంటుంది గాని, చాలా రకాల్లో దాని స్థానం మార్చాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. పోటీ మధ్యలో స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కునే మనిషిని ఊహించుకోండి.

వెల్‌క్రో ఉంది కదా, ఎక్కడ కావాలంటే అక్కడ అంటుకుంటుంది కదా అంటారు. నేనూ అలాగే అనుకొని ఒకటి కొన్నాను. ఒక సాయంత్రం క్లీన్ అండ్ జర్క్‌లో, అంటే బరువును ముందు భుజాల మీదికీ తర్వాత తల పైకీ ఎత్తే పద్ధతిలో, బార్ భుజాల మీదికి వచ్చేసరికి బర్రుమని చప్పుడు, బెల్టు నేల మీద ఉంది. బార్ వదిలేసి వెనక్కి దూకాను. వెల్‌క్రో గుణమే అంత: తలానికి సమాంతరంగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది, ఒక అంచు పైకి లేచిందంటే అరటి తొక్కలా ఊడి వస్తుంది. వంగి లేచే మనిషి నడుము మీద అంచు లేవకుండా ఉంటుందా?

అప్పటి నుంచీ నా పట్టుదల ఒకటే. సర్దుబాటు చేసే భాగం లాగుడు లేనప్పుడే కదలాలి, లాగుడు పెరిగేకొద్దీ మరింత బిగుసుకోవాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. క్లిప్పుల టిఫిన్ క్యారియర్ గుర్తు చేసుకోండి. క్లిప్పును ఒక దశ దాటించి నొక్కితే టక్కున పడుతుంది. ఆ తర్వాత లోపలి నుంచి ఎంత తోపు వచ్చినా మూసుకునే వైపుకే వెళ్తుంది. లివర్ బకిల్‌లో ఉన్నదీ ఆ ఒడుపే.

సర్దుబాటు ఉపాయం మాత్రం ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లాబులోని వెర్నియర్ కాలిపర్స్‌ను తలపించేది: పెద్ద కొలత ఒక స్కేలు మీద, సన్న కొలత మరో స్కేలు మీద. పట్టీలో చిల్లులను 24 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంచాం. ఎక్కువ చిల్లులు పొడిస్తే తోలు బలం పోతుంది. లివర్ కింద 8 మిల్లీమీటర్ల మెట్లున్న చిన్న పళ్ల పట్టీ పెట్టాం. చిల్లుతో ముతక సర్దుబాటు, పళ్లతో సన్న సర్దుబాటు. మెట్టు మెట్టుకూ వ్యాసార్ధం 1.3 మిల్లీమీటర్లే మారుతుంది. లివర్ తెరిస్తేనే పన్ను పైకి లేస్తుంది. మూస్తే లివరే దాని మీద కూర్చుంటుంది.

మొదటి నమూనాలో పళ్లు అల్యూమినియంతో చేశారు. పన్ను గాడిలోకి పూర్తిగా దిగకపోయినా లివర్ మూసుకునేది. సగం పట్టుతో వారం రోజులు వాడేసరికి అంచులు అరిగి గుండ్రమయ్యాయి. రెండోదానిలో ఉక్కు వాడారు. గాడి గోడను లోపలికి వాలుగా కోశారు, లాగేకొద్దీ పన్ను లోతుకు దిగేలా. బకిల్ గెలిచింది. తోలు ఓడింది. ఎవరో చవకగా వస్తుందని పశువు పొట్ట భాగం తోలు తెచ్చారు. అది సాగుతుంది. మిల్లీమీటర్ల లెక్కలు వేసుకుంటూ సెంటీమీటరు సాగే పట్టీ కట్టుకున్నాం! వెన్ను వెంట నిలువుగా కోసిన తోలే కావాలి. అదీ తంగేడు వంటి చెట్ల బెరడుతో పదును చేసిన గట్టి తోలయితే మేలు.

ఇంకో తప్పును దర్జీ పనివాడు పట్టుకున్నాడు. తిన్నటి పట్టీని చుడితే గొట్టం అవుతుంది, మనిషి నడుమేమో గరాటు. అందుకే బెల్టు పై అంచు పక్కటెముకను, కింది అంచు తుంటి ఎముకను కోసేది, వంగినప్పుడల్లా పైకి జారేది. "లంగా నడుము పట్టీని వంపుగా కోస్తాం, దీన్ని మీరెందుకు తిన్నగా కోశారు?" అని అడిగాడు. నాలుగేళ్లు డ్రాయింగు నేర్చుకున్న పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు, నేను కూడా. మూడో నమూనాకు కొద్దిపాటి వంపు ఇచ్చాం, లోపలి వైపు చెమటకు జారకుండా గరుకు తోలు వేశాం.

కొలతల్లో హద్దులు దాటలేదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వంటివి ఉండే పవర్‌లిఫ్టింగ్ పోటీల అంతర్జాతీయ నియమాల ప్రకారం వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు. ఒలింపిక్ తరహా వెయిట్‌లిఫ్టింగ్‌లో వెడల్పు 12 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. అయితే అక్కడ బార్ ఒంటిని రాసుకుంటూ పైకి వస్తుంది కనుక ముందు వైపు లివర్ అడ్డం. వాళ్లకు వేరే బకిల్ ఆలోచించాలి, మా దగ్గర ఇంకా లేదు. పొట్టి మొండెం ఉన్నవారికి 10 సెంటీమీటర్ల వెడల్పే ఎక్కువ. మా బృందంలోని అమ్మాయి 7.5 సెంటీమీటర్లది వేరుగా కోయించుకుంది, అది ఇంకా కుట్టులో ఉంది.

ఈ మూడోది 75 నుంచి 100 సెంటీమీటర్ల నడుములకు సరిపోతుంది. భోజనానికి ముందు ఒకసారి వచ్చి కట్టుకొని, ఏ పన్ను దగ్గర సరిపోయిందో ఈ పుస్తకంలో రాయండి. భోజనం తర్వాత మళ్లీ రండి. వంటవాళ్లు ఇవాళ గుత్తి వంకాయ చేశారట, మాకు మంచి అంకెలే దొరుకుతాయి.