పుస్తకం వేయని వాళ్లు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా హనుమకొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వారం రోజులుగా పొద్దున కుర్చీలు వేసి రాత్రి తీస్తున్న గ్రంథాలయ సిబ్బందికి, నాకు అఆలు దిద్దించి ఈ రోజు ముందు వరుసలో కూర్చున్న మా సారుకు, గోడ పక్కన నిలబడ్డ డిగ్రీ పిల్లలకు నమస్కారం. పిల్లలూ, ముందు చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి కూర్చోండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను. నేను చెప్పేది ఎక్కువగా మీకే.

నాకిచ్చిన అంశం పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు. నవంబరు 14 నుంచి ఇక్కడ మాట్లాడినవాళ్లందరూ దాని గురించే చెప్పారు, బాగా చెప్పారు. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మనది. పుస్తకం గొప్పదని ఈ ఊరికి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని అధ్యక్షులవారిని అడిగి అంశం కొంచెం మార్చుకున్నాను. ఒక్క పుస్తకం కూడా వేయకుండా ఏళ్ల తరబడి రాసినవాళ్ల గురించి మాట్లాడతాను. తెలుగులో సొంత బ్లాగులు రాసుకున్న మామూలు మనుషుల గురించి. ఐదుగురిని ఎంచుకున్నాను. వాళ్ల పేర్లు మాత్రం చెప్పను. కొందరు కలం పేరుతో రాశారు, కొందరు రాస్తున్నట్టు ఇంట్లోవాళ్లకే తెలియదు.

నన్ను సాహిత్యాభిమాని అని పరిచయం చేశారు. నా బతుకుదెరువు వేరు. 2004 నుంచి 2016 దాకా నయీంనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గంటకు 20 రూపాయలు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు గల్లీ చివరి దాకా లైను ఉండేది. తల్లిదండ్రుల టెన్షన్ అంతా నా టేబుల్ దగ్గరే. మిగతా రోజుల్లో మాత్రం చాలా తీరిక ఉండేది. ఆ తీరికలోనే నేను చదివింది.

అప్పట్లో కంప్యూటర్లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి. విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, ఒక టిక్కు పెట్టి, సీడీ వేసి, సిస్టం మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ ఒత్తులు కుదురుగా వచ్చేవి కావు. ఎనిమిదింటికీ ఆ పని చేసి, పోతన ఫాంటు వేశాను. మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ఫాంటు. మొదటిసారి ఆ డబ్బాలన్నీ పోయి తెలుగు అక్షరాలు బారులు తీరినప్పుడు నా పక్కన ఎవరూ లేరు. ఎవరికైనా చూపించాలని బయటికి వచ్చి చాయ్ బండి ఆయన్ని పిలుచుకొచ్చాను.

2006లో లేఖిని అనే టైపింగ్ సైటు వచ్చింది. ఇంగ్లిష్ కీబోర్డు మీద ఏ, ఎమ్, ఎమ్, ఏ కొడితే ‘అమ్మ’ అని పడేది. టైపు నేర్చుకోని వాళ్ల చేతికి కూడా తెలుగు అందింది. ఎవరు కొత్తగా రాసినా కూడలి అనే సైటులో వరుసగా కనబడేది. పొద్దున షట్టర్ ఎత్తి, ఊదుబత్తి ముట్టించి, ముందు కూడలి తెరిచేవాణ్ణి.

మొదటి మనిషి ఆర్టీసీ కండక్టరు. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో డ్యూటీ. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఎన్ని బస్సులు నడిచాయి, ఎంతమంది వచ్చారు అని మనం పేపర్లో చదువుతాం. ఈయన ఒకే ఒక్క ముసలమ్మ గురించి రాశాడు. అమ్మవార్లకు ఇచ్చే బంగారం, అదే బెల్లం ముద్ద, ఆమె ఒళ్లో ఉంది. కింద పెడితే కాళ్లు తగులుతాయని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. టికెట్ పైసలేమో కొంగు ముడిలో ఉన్నాయి. నువ్వే విప్పి తీసుకో బిడ్డా అన్నదట. ఆ ముడి విప్పడం గురించి ఆయన ఒక పేజీ రాశాడు. మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు, ఒక వక్క, ఇంకెవరిదో ఫోన్ నంబరు రాసిన చీటీ. లెక్క ప్రకారం తీసుకుని, మిగిలింది మళ్లీ అట్లాగే ముడి వేశాడు. తన అమ్మ కొంగు ముడి విప్పి ఎన్నేళ్లయిందో అక్కడ గుర్తుకొచ్చిందట. అంతే ఆ పోస్టు. నేను ఆ రోజు ఇద్దరు కస్టమర్లను కూర్చోబెట్టి చదివి వినిపించాను.

రెండో ఆయన అజంజాహీ మిల్లు కార్మికుడి కొడుకు. 1934లో పెట్టిన ఆ మిల్లు గురించి చెప్పడానికి ఈ హాల్లో నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. ఈయన రాసిందంతా మిల్లు సైరన్ గురించే. ఏ సైరన్‌కు అమ్మ ఎసరు పెట్టేది, ఏ సైరన్‌కు నాన్న సైకిలు బయటికి తీసేవాడు, మిల్లు మూతపడ్డాక ఆ వాడ పిల్లలు బడికి ఎందుకు ఆలస్యంగా పోయారు. ఇళ్లల్లో గడియారాలు లేవు మరి. ఊరంతటికీ అదే గడియారం.

మూడో మనిషి దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. అధ్యక్షా, మీరు గడియారం చూస్తున్నారు, నాకు తెలుసు. ఐదు నిమిషాలు ఇవ్వండి.

ఈమె నర్సు. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో పని. ఊరు పరకాల వైపు అని మాత్రం రాసుకుంది. రాత్రి డ్యూటీలో, రెండింటికీ నాలుగింటికీ మధ్య, వార్డు సద్దుమణిగినప్పుడు రాసేది. సర్వపిండి గురించి రాసింది. హాస్టల్లో సర్వ, అంటే దాన్ని కాల్చే గిన్నె, లేదు కదా, కుక్కర్ గిన్నెలో బియ్యప్పిండి అద్ది, వేలితో చిల్లులు పొడిచి, నూనె చుక్కలు వేసి కాల్చేది. ఒకటి కాలాక గిన్నెను బోర్లించి నీళ్లు పోసి చల్లారిస్తే గానీ రెండోది అద్దరాదు. ఆ గిన్నె చల్లారేదాకా నలుగురు అమ్మాయిలు పళ్లేలు పట్టుకుని నిలబడేవాళ్లట. బతుకమ్మ పండగకు తంగేడు లేదు, గునుగు లేదు. దూదిని రంగునీళ్లలో ముంచి గునుగు చేసింది. గాజుగుడ్డకు పసుపు రాసి తంగేడు చేసింది. ఆసుపత్రి సామాన్లతో బతుకమ్మ పేర్చిన మనిషి!

అన్నిటికంటే గొప్పది నొప్పుల మీద రాసింది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి పోయిన కూలీలు ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్లు. వాళ్లకు తెలుగు తప్ప రాదు. డాక్టరుకు తెలుగు రాదు. మధ్యలో ఈమె. ఒకతను కడుపుల దేవుతున్నది అంటాడు. ఇంకొకతను కాలు గుంజుతున్నది, సలుపుతున్నది అంటాడు. ఒకరికి పొడుస్తున్నది, ఒకరికి తీపులు తీస్తున్నది, ఒకరికి సురుకుసురుకుమంటున్నది. డాక్టరు దగ్గరికి పోయేసరికి అన్నిటికీ ‘పెయిన్’ అనే ఒక్క మాట మిగిలేది. ఆ మనిషి ఏడాది తర్వాత మొదటిసారి తన నొప్పిని తన మాటల్లో చెప్పుకున్నాడు, నేను దాన్ని ఒక్క మాట చేసి అప్పజెప్పాను అని బాధపడింది. అందుకని తర్వాత ఒక్కో మాటను విడదీసి, అది ఆగి ఆగి వస్తుందా, ఆగకుండా ఉంటుందా, పైకి పాకుతుందా, ఒకే జాగలో ఉంటుందా అని డాక్టరుకు వివరించడం మొదలుపెట్టిందట. నొప్పికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో ఆ ఒక్క పోస్టులో రాసి పెట్టింది. భాష గురించి ఏటా కాళోజీ గారి పుట్టినరోజున, సెప్టెంబరు 9న, సభలు పెట్టుకుంటాం. ఆ సభల్లో నేను విన్న ప్రసంగాలన్నిటికంటే ఆ పోస్టు గొప్పది. గొప్పది అని మళ్లీ చెబుతున్నాను.

మా సెంటర్‌కు ఆదివారం ఒక రిటైర్డ్ టీచర్ వచ్చేవారు. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, కంప్యూటర్ తెర చూడలేరు. ఈ నర్సమ్మ రాసినవి ప్రింటు తీయించుకుని, పేజీకి రెండు రూపాయలు ఇచ్చి, ఫైల్లో పెట్టుకుని పోయేవారు. పోయేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట. “తమ్మీ, నాకు ఆ టైపు రాదు. నువ్వన్నా ఆ బిడ్డకు రెండు మాటలు రాయరాదు.” రాస్తాను సార్ అనేవాణ్ణి. మూడేళ్లు చదివాను. ఒక్క మాట రాయలేదు. ప్రింటరు పాడైంది, పాన్ కార్డు అప్లికేషన్లు వచ్చాయి, స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చాయి. రెండు మాటలు రాయడానికి రెండు నిమిషాలు పట్టేది.

2013లో, నాన్నకు బాగాలేదు, ఇంటికి వస్తున్నాను అని నాలుగు లైన్లు రాసింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఏడాదికో ఏడాదిన్నరకో చూస్తే ఆ పేజీయే లేదు. తీసేసిందో, పోయిందో, ఎవరిని అడగాలి? ఆ తర్వాత ప్రింట్లు తీయించుకునే ఆ టీచర్ సారు కూడా కాలం చేశారు. కర్మ అయ్యాక వాళ్ల అబ్బాయి ఫైలు తెచ్చి, ఇవి మీ సెంటర్లో తీసిన కాగితాలే కదా అంకుల్ అని నా చేతిలో పెట్టాడు.

కొన్నేళ్లకు ఒక సాహిత్య పత్రిక తెలంగాణ రచయిత్రుల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నామని ప్రకటించింది. పత్రిక పేరు వద్దు. ఆ ఫైలు ముందు పెట్టుకుని ఆమె మీద నాలుగు పేజీలు రాసి పంపాను. ఫోన్ వచ్చింది. ఆమె పుస్తకం పేరేమిటి అన్నారు. పుస్తకం లేదండీ అన్నాను. అవార్డులు? లేవండీ. మరి రచయిత్రి అని ఎట్లా వేస్తాం అన్నారు. ఆ మాట ఇప్పటికీ ముల్లులాగ గుచ్చుకుంటుంది.

ఇట్లాంటి మాట మన నేలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? వాదన పెట్టుకోలేదు. 354 మంది కవులను ఒకచోటికి తెచ్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఆ 354 మందిలో పదిమంది పేర్లు ఇప్పుడు ఇక్కడ ఎవరైనా చెప్పగలరా? చెప్పలేం. అయినా ఆ సంచిక ఉంది, అందులో వాళ్ల అక్షరాలు ఉన్నాయి. మన మానుకోట దగ్గర ఇనుగుర్తి అనే పల్లె నుంచి 1922లో ఒద్దిరాజు సోదరులు సొంత ప్రెస్సు పెట్టుకుని ‘తెనుగు’ పత్రిక నడిపారు. పల్లెటూరిలో ప్రెస్సేమిటి అని ఆగిపోలేదు. కాళోజీ తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. తన గొడవ తాను ఎవరి అనుమతీ లేకుండా చెప్పుకునే మనిషిని ఈ ఊరు నెత్తిన పెట్టుకుంది. మరి ఆ నర్సు గొడవ మనది కాదా?

పిల్లలూ, మీ జేబుల్లో ఫోన్లు ఉన్నాయి. నాకు సీడీ వేసి టిక్కు పెడితే గానీ కనబడని తెలుగు మీకు పుట్టుకతోనే ఉంది. ఎవరైనా తన బతుకు గురించి తెలుగులో బాగా రాస్తే, ఈ రాత్రే, రేపు కాదు, ఈ రాత్రే వాళ్లకు రెండు మాటలు రాయండి. బాగుంది అని ఊరుకోకండి. ఏ వాక్యం దగ్గర ఆగారో రాయండి. ఇంకొకటి, దాచండి. 2009లో, జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ పోయింది, 2019లో గూగుల్ ప్లస్ పోయింది. వాటితో పాటు ఎంతమంది రాతలు పోయాయో. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ అని ఉంది, అక్కడ పేజీ అడ్రసు ఇస్తే ఒక నకలు దాచిపెడుతుంది. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. నర్సమ్మ పేజీ కోసం అక్కడ వెతికితే మొదటి పేజీ ఒక్కటి దొరికింది, లోపలివి లేవు.

గ్రంథాలయం వారికి కూడా ఒక మనవి. పాత దినపత్రికలు బైండు చేసి పెడతారు కదా. అట్లాగే ఈ జిల్లాలవాళ్లు రాసుకున్న రాతలు, వాళ్లు ఒప్పుకుంటే, ప్రింటు తీసి బైండు చేసే ఒక అర పెట్టండి. కాగితం ఖర్చు నేను పెట్టుకుంటాను. సభలో అంటున్నాను, రాసుకోండి.

ఐదుగురు అన్నాను, ముగ్గురితోనే సమయం అయిపోయింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల లెక్క రాసే గుమాస్తా ఒకాయన, ములుగు అడవిలో బడి నడిపే టీచరమ్మ ఒకామె మిగిలారు. ఇద్దరూ ఇప్పటికీ రాస్తున్నారు. వాళ్ల బ్లాగుల అడ్రసులు చీటీల మీద రాసి బయట బల్ల మీద పెట్టాను, తలా ఒకటి తీసుకోండి.

ఆ చీటీల పక్కన ఒక నీలం ఫైలు ఉంటుంది. అది తీసుకుపోకండి, అక్కడే కూర్చుని చదవండి. అది నర్సమ్మది. ఆమె అనుమతి లేకుండా అచ్చు వేసే హక్కు నాకు లేదు, వేయను. ఈ హాల్లో పరకాల వైపువాళ్లు, నడికూడ, ఆత్మకూరు వైపువాళ్లు ఉన్నారు. గల్ఫ్‌లో నర్సుగా చేసి పదేళ్ల కింద ఇంటికొచ్చిన ఆడబిడ్డ ఎవరైనా మీకు తెలిస్తే, రాసేదానివా అని ఒకసారి అడగండి. అవునంటే, హనుమకొండలో ఒకాయన దగ్గర నీ రాతలు 43 భద్రంగా ఉన్నాయని చెప్పండి. నాలుగు పేజీల్లో ఇంకు సరిగా పడక అక్షరాలు వెలిసిపోతే పెన్నుతో దిద్దాను. నొప్పుల పేజీలో మాత్రం ఒక మాట ఎంత చూసినా అందలేదు. ఊహించి రాయడం ఇష్టం లేక ఆ జాగ ఖాళీగా ఉంచాను. ఆమె వచ్చి నింపాలి.