జుట్టు పెంచేవాడికి కత్తెరతో పనేంటి?

యాంకర్: నమస్కారం. 2005 ఏప్రిల్‌లో వైజాగ్‌లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాక, ఆ జులపాల జుట్టు కావాలని ఎంతమంది కుర్రాళ్లు ఇంట్లో తిట్లు తిన్నారో! మళ్లీ ఇప్పుడు మగపిల్లలు జుట్టు పెంచుతున్నారు. మాష్టారూ, మీ బడిలో అయితే ఏం చేసేవారు?

రిటైర్డ్ మాష్టారు: ప్రేయర్ దగ్గరే ఆపి, కటింగ్ చేయించుకుని రమ్మని పంపేవాణ్ని.

యాంకర్: అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాడైతే?

మాష్టారు: అది దీక్షమ్మా. మండలం రోజులు కత్తెర తగలకూడదు. తిరుపతి మొక్కున్నా అంతే. మా ఊళ్లో భార్య నెలలు నిండుతుంటే మగవాడు క్షవరం చేయించుకునేవాడే కాదు.

యాంకర్: అంటే మొక్కుకి పెంచితే భక్తి, ముచ్చటకి పెంచితే జులాయితనమా?

మాష్టారు: (నవ్వుతూ) మీరలా ఇరికిస్తే నేనేం చెప్పను? హరిదాసులకి భుజాల దాకా ఉండేది, అందంగానే ఉండేది. కానీ వాళ్లు దువ్వుకునేవారు!

సెలూన్ యజమాని: అసలు సంగతి మాష్టారు చెప్పేశారు. పెంచడమంటే సెలూన్ మానేయడం అనుకుంటారు మావాళ్లు. నుదుటి మీది జుట్టు మెడ దాకా రావాలంటే జానెడు పైనే దిగాలి. మెడ దగ్గరిది పుట్టడమే అక్కడ పుట్టింది, రెండు నెలలకే కాలరు దాటేస్తుంది. అందుకే వెనక తోక, పైన పిచ్చుక గూడు. ఆరు వారాలకోసారి వచ్చి, 'మెషిన్ పెట్టొద్దు, పైన ముట్టుకోవద్దు, మెడ ఒక్కటే కత్తెరతో సర్దండి' అని చెప్పాలి. కుర్చీలో కూర్చున్నాక కాదు, గుడ్డ కప్పకముందే చెప్పాలి. మా చేతులు అలవాటు కొద్దీ పక్కలకి పోతాయి, ఆరునెలల జుట్టు అరనిమిషంలో కింద పడుతుంది.

మాష్టారు: ఒకసారి గుండు కొట్టించి మొదలుపెడితే ఒత్తుగా రాదూ?

చర్మవైద్యురాలు: రాదు మాష్టారూ. కుదురు చర్మం లోపల ఉంటుంది, పైన కత్తెర పడిందో లేదో దానికి తెలియదు. కోసిన కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా అనిపిస్తుందంతే. పెరుగుదల నెలకి సుమారు ఒక సెంటీమీటరు. పొట్టి క్రాపు నుంచి భుజాల దాకా రెండేళ్లు పట్టొచ్చు. ఏ నూనె రాసినా ఆ వేగం పెద్దగా మారదు.

యాంకర్: విజయవాడ నుంచి కాలర్ ఉన్నారు. హలో, చెప్పండి... మీ టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించానండీ. అన్నా, నాది పెంచడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు. హెల్మెట్ తీస్తే భయంకరంగా ఉంటోంది. అందుకని గట్టిగా లాగి రబ్బరు బ్యాండుతో ముడేస్తున్నా. ఇప్పుడు దువ్వెన నిండా వెంట్రుకలే వస్తున్నాయి.

వైద్యురాలు: కణతల దగ్గర పలచబడిందా?

కాలర్: కొంచెం... అవునండీ.

వైద్యురాలు: ముందు ఆ ముడి వదులు చేయండి. రోజూ లాగి కడితే కుదుళ్లు దెబ్బతింటాయి, ట్రాక్షన్ అలోపేసియా అంటాం. మొదట్లో మానేస్తే తిరిగొస్తుంది, ఏళ్ల తరబడి లాగితే రాదు. రబ్బరు బ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు వాడండి. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే, పొడవుగా ఉంటే ఎక్కువ కనిపిస్తాయి. ఈమధ్య డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చిందా?

కాలర్: లేదండీ.

వైద్యురాలు: వస్తే రెండు మూడు నెలల తర్వాత గుప్పెళ్లుగా రాలుతుంది, చాలామందికి మళ్లీ మొలుస్తుంది. కానీ మీ నాన్నగారికి బట్టతల ఉండి, మీకూ నుదురు వెనక్కి జరుగుతుంటే మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. పొడవు పెంచితే ఆ ఖాళీ దాగదు, ఇంకా బయటపడుతుంది.

సెలూన్ యజమాని: తమ్ముడూ, చిక్కు ఎలా తీస్తున్నావు?

కాలర్: స్నానం చేయగానే పైనుంచి కిందికి దువ్వేస్తా అన్నా.

సెలూన్ యజమాని: అదే! తడి జుట్టు ఊరికే తెగుతుంది. కాస్త ఆరనిచ్చి, వెడల్పు పళ్ల దువ్వెనతో ముందు కొసలు, తర్వాత మధ్య, చివరికి మాడు. ఇంట్లో ఎవరైనా జడ వేసుకునేవాళ్లున్నారా?

కాలర్: అక్క ఉంది.

సెలూన్ యజమాని: మరి యూట్యూబ్ ఎందుకురా? రాత్రి పడుకునేముందు ఏం చేయాలో, కుంకుడుకాయ రసం కంట్లో పడకుండా ఎలా పోసుకోవాలో ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. అడగడానికి మగాడికి నామోషీ!

కాలర్: అడిగితే ఏడిపిస్తుందన్నా. ఇంకొకటి, వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది. కత్తిరించేయమంటున్నారు ఇంట్లో.

సెలూన్ యజమాని: బ్యాంకా, సాఫ్ట్‌వేరా?

కాలర్: సాఫ్ట్‌వేర్.

సెలూన్ యజమాని: అయితే నా మాట విను, ముందురోజు మెడ సర్దించుకో. కాస్త జెల్ రాసి చెవుల వెనక్కి దువ్వు. గడ్డం మాత్రం పొట్టిగా ట్రిమ్ చేయించు. రెండూ ఒకేసారి పెరిగాయంటే మాష్టారు గారే ఇంటర్వ్యూ చేస్తున్నారనుకో.

మాష్టారు: ప్రేయర్ దగ్గరే ఆపేస్తాను!

యాంకర్: చిన్న విరామం. తర్వాత, బోరు నీళ్లతో జుట్టు గట్టిపడుతోందంటున్న ఇంకో కాలర్‌తో మాట్లాడదాం.