బుడమేరు వెళ్లి కలిసే చోటు

హోస్ట్: నమస్కారమండీ. ఈ వారం కొల్లేరు సరస్సు గురించి మాట్లాడుకుందాం. దీనికి నాకో సొంత కారణం ఉంది. 2024 సెప్టెంబరు 1న పొద్దున్నే విజయవాడ సింగ్‌నగర్‌లో మా గుమ్మం ముందు నీళ్లు కనిపించాయి. పాలు పొంగేలోపు వంటింట్లోకి వచ్చేశాయి. బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి మేం డాబా ఎక్కాం. మమ్మల్ని ముంచిన ఈ బుడమేరు వాగు అసలు ఎక్కడికి పోతుందని ఆ తర్వాతే అడగడం మొదలుపెట్టాను. ఇవాళ మనతో ఉన్న మాస్టారు కొల్లేటి లంకలో పుట్టి, అక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమమ్మా. ముందే ఒక మాట చెప్తాను. మీ ఇల్లు మునిగింది ఒక్క కొల్లేరు వల్లే అనుకోకు. కొండపల్లి దగ్గర డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. ఏటి దారిలో ఇళ్లు లేచాయి. కానీ ఆ నీళ్లు చివరికి చేరేది మా దగ్గరికే. బుడమేరు, తమ్మిలేరు, డెల్టా డ్రెయిన్లు అన్నీ ఇటే వస్తాయి. కృష్ణకీ గోదావరికీ మధ్య పల్లం మాది. అందరి నీళ్లూ పట్టి ఉంచుకుని, నిదానంగా ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి వదలడం కొల్లేరు పని.

హోస్ట్: ఆ పల్లంలో ఇప్పుడు చేపల చెరువుల గట్లున్నాయి.

మాస్టారు: ఉన్నాయి. నా చిన్నప్పుడు తాటి దోనెలో బడికెళ్లేవాళ్లం. ఎటు చూసినా నీళ్లు, కిక్కిస. నాన్న మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు, ఎత్తితే కొరమీను, మార్పు, గొరక చేపలు. కూరకు ఉంచుకుని మిగిలింది అమ్మేవాళ్లు. తాగడానికీ కొల్లేటి నీళ్లే. రాత్రి అమ్మ కడవ లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన తేట నీళ్లు. ఇప్పుడు మా వీధిలో ప్రతి అరుగు మీదా 20 లీటర్ల టిన్నులే. చుట్టూ నీళ్లున్న ఊళ్లో కూలి డబ్బుల్లోంచి నీళ్లు కొనుక్కుంటున్నారమ్మా. నాకు అన్నిటికన్నా బాధ అదే.

హోస్ట్: ఎందుకంతగా పాడయ్యాయి?

మాస్టారు: చెరువులో మేత ఎలా పెడతారో చూశావా? తవుడు సంచికి చిల్లులు పెట్టి, కర్రకు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తారు. బొచ్చె, శీలావతి వచ్చి మూతితో పొడుస్తుంటే సంచి ఊగుతుంది. ఊగడం ఆగితే మేత అయిపోయినట్టు. తినగా మిగిలింది, చేపల పెంట, చల్లిన మందులు అన్నీ చెరువు ఎండగట్టేటప్పుడు డ్రెయిన్లోకే. దానికి తోడు ఊళ్ల మురుగు, పొలాల పురుగుమందులు. ఎండాకాలం నీటిమట్టం తగ్గితే ఉప్పుటేట్లోంచి ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

హోస్ట్: కానీ ఆ చేపల మీదే కదా ఎన్నో ఇళ్లు గడుస్తున్నాయి?

మాస్టారు: కాదనను. ఐసులో పేర్చి కలకత్తాకీ అస్సాంకీ లారీలు వెళ్తాయి. నా దగ్గర చదువుకున్న పిల్లలే కొందరు ఆ చెరువుల్లో చేపలు పట్టే కూలీలు. అసలు 1970లలో మత్స్యకార సొసైటీలకు చెరువులిచ్చింది ప్రభుత్వమే. మావాళ్ల దగ్గర పెట్టుబడేది? లీజుకిచ్చేశారు. కొన్నేళ్లు తిరిగేసరికి చెరువు పైఊరి ఆసామిది, గట్టు మీద కాపలా మావాడిది అయింది.

హోస్ట్: 1999లో అభయారణ్యం ప్రకటించారు కదా?

మాస్టారు: అవును, +5 కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకీ, ఎక్కింది. గట్లు మాత్రం 2006 దాకా కదల్లేదు. ఆ ఏడు కొట్టేశారు. నీళ్లు పాత దారి వెతుక్కుంటూ పరుచుకోవడం నా కళ్లతో చూశాను, ఒళ్లు పులకరించింది. సాయంత్రం ఇంటికొస్తే మా వీధిలో పొయ్యి వెలగని ఇళ్లు. కొల్లేటి కాపురం అని పెద్దలు ఊరికే అన్నారా? గట్టు తీశారు గానీ దాని మీద బతికేవాడికి ఇంకో దారి చూపలేదు. అందుకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

హోస్ట్: మీరైతే ఏం చేయమంటారు?

మాస్టారు: చేపదేం తప్పు లేదమ్మా. తప్పు గట్టుది. అభయారణ్యం బయట పెంచుకోనీ. లోపల మాత్రం నీటికి అడ్డు ఉండకూడదు. మావు వేసుకునేవాడికి, వల విసిరేవాడికి హక్కు ఉండాలి. జిరాయితీ భూమి, అంటే సొంత పట్టా భూమి, పోయే చిన్న రైతుకి ముందు పరిహారం చేతిలో పెట్టి, తర్వాత గట్టు కొట్టే మిషను తేవాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి. ఇవన్నీ ఒకేసారి జరగాలి. ఒకటి చేసి ఇంకోటి వదిలేస్తే మళ్లీ 2006 అవుతుంది.

హోస్ట్: డిసెంబరులో వస్తానండీ. పక్షులుంటాయా?

మాస్టారు: ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు, అదే పెలికాన్లు, ఉంటాయి. చెట్లు చాలక అటవీ శాఖ ఇనప స్టాండ్లు పెట్టింది, వాటి మీదే గూళ్లు. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి చేప తినడం చూద్దువుగాని. అక్కణ్ణుంచి మా తమ్ముడి పడవలో బుడమేరు వచ్చి కలిసే వైపు తీసుకెళ్తాను. గట్ల మధ్య నీటి దారి ఎంత మిగిలిందో చూద్దువు. మీ ఇంట్లోకొచ్చిన నీళ్లు పోవాల్సింది ఆ దారినే.