ట్రెపీజియం: పేరులో బల్ల, మనకు లంబం

శ్రోతలకు నమస్కారం.

ప్రకాశం బ్యారేజి నుంచి వచ్చే బందరు కాలువను విజయవాడ దాటాక, నీళ్లు కట్టేసిన రోజుల్లో ఒకసారి వంతెన మీంచి చూడండి. అడుగున ఇరుకు, పైన వెడల్పు, రెండు వైపులా ఏటవాలు గట్లు. మట్టిని నిటారుగా కోస్తే జారిపోతుంది, అందుకే వాలుగా తీస్తారు. ఆ కాలువను అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే, అదే ట్రెపీజియం.

గ్రీకులో ‘ట్రపెజా’ అంటే బల్ల. నాలుగు కాళ్లది అని దాని మూలార్థం. ‘ట్రపెజియన్’ అంటే చిన్న బల్ల, ట్రెపీజియం అన్న పేరు అందులోంచి వచ్చిందే. గ్రీసులో ఈనాటికీ బ్యాంకును ట్రపెజా అనే అంటారు. పూర్వం డబ్బు మార్చేవాళ్లు బజారులో బల్ల వేసుకుని కూర్చునేవారు, ఆ బల్ల పేరే వ్యాపారానికి నిలిచిపోయింది.

మన పూర్వులు పేరు పెట్టిన తీరు వేరు. నాకు ఎంతో ఇష్టమైన తీరు అది. లంబం అంటే వేలాడేది. గోడ కట్టే మేస్త్రి దారానికి గుండు కట్టి వదులుతాడు చూడండి, అదీ లంబం. ఈ ఆకారాన్ని తలకిందులు చేసి, ఇరుకు వైపు పైన ఉంచి, పై మూలల నుంచి రెండు దారాలు వదిలితే, అడుగు గీతను చేరేసరికి రెండూ ఒకే పొడవు ఉంటాయి. అందుకే సమలంబ చతుర్భుజం. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో దీన్నే సమానలంబ చతుర్భుజం అన్నాడు. పై గీత ముఖం, కింది గీత భూమి. ఆ రెండూ కలిపి, సగం చేసి, ఎత్తుతో హెచ్చవేస్తే వైశాల్యం వస్తుంది. కాలువ పైన 20 మీటర్లు, అడుగున 12, లోతు 3 అనుకోండి: 16ను 3తో హెచ్చవేస్తే 48 చదరపు మీటర్లు. ఈ లెక్క 499 నాటికే ఆర్యభటీయంలో ఉంది.

అమెరికా చదువులకు టెస్టులు రాసే పిల్లలు ఒకటి గమనించాలి. అయిదో శతాబ్దంలో గ్రీకు పండితుడు ప్రోక్లస్, చతుర్భుజంలో రెండు సమాంతర భుజాలుంటే ట్రెపీజియం, అసలు లేకపోతే ట్రెపెజాయిడ్ అని విడదీశాడు. 1795లో ఇంగ్లిషు గణితజ్ఞుడు చార్లెస్ హట్టన్ గణిత నిఘంటువులో ఈ పేర్లు తారుమారయ్యాయి. బ్రిటన్ తర్వాత పాత పద్ధతికే వచ్చింది, మన పుస్తకాలదీ అదే దారి. అమెరికా మాత్రం హట్టన్ వైపే ఉండిపోయింది. కాబట్టి అక్కడి ప్రశ్నపత్రంలో ట్రెపెజాయిడ్ అని కనిపిస్తే టెన్షన్ పడకండి, అది మన సమలంబ చతుర్భుజమే.